నింపి వుంచిన డబ్బాలు

మేం కంప్యూటరు కొన్నరోజున దుకాణం కుర్రాడు వేసిన మొట్టమొదటి ప్రశ్న, "మేడమ్, పేరు ఏం పెట్టాలె?" అని. కంప్యూటరుకి పేరేమిటి, ఆవుకి పెట్టినట్టు, అనుకుంటూ నేను ఆలోచనలో పడేలోగానే మావారు జేబులోంచి తన కార్డు తీసి బల్లమీద పెట్టారు. కుర్రాడు అది చూసి టకటకా నాలుగు మీటలు నొక్కేశాడు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు. నెత్తిమీద మెట్రో రైలు, పక్కన చెరుకురసం బండి, ఎదురుగా కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి కింద పుస్తకాల సంచులతో పరుగులు పెట్టే పిల్లలు. ఆ సందట్లో నాలుగు మీటల సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి? అవే నాలుగేళ్ళ తరవాత మా అమ్మ ముందు నన్ను దోషిలా నిలబెడతాయని నేనేం కలగన్నానా!

నేను బి.ఏ. చదివినదాన్ని. తెలుగూ, చరిత్రా నా పాఠ్యాంశాలు. లెక్కలంటే పాలవాడి లెక్క, చాకలిపద్దు దాటి ఎరగను. పదిహేనేళ్ళపాటు నవలలన్నీ తెల్లకాగితాల మీద, ఒకవైపే, మార్జిను వదిలి రాశాను. తరవాత పత్రికలవాళ్ళు "టైపు చేసి పంపండమ్మా, మీ దస్తూరీ చదవగలిగిన ఆయన రిటైరైపోయారు" అన్నారు. అలా నా చేతికి కీబోర్డు వచ్చింది. వంకాయ తరిగే వేళ్ళు టైపు చెయ్యలేవా, అని మొదలుపెట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు వంకాయలకన్నా అక్షరాలే జోరుగా తెగుతున్నాయి.

అయితే నాకొక జబ్బు వుండేది. ఫైళ్ళకి పేర్లు పెట్టడం రాదు. సీరియల్ పన్నెండో భాగం పూర్తిచేసి 'ఫైనల్' అని పేరు పెట్టేదాన్ని. మర్నాడు రెండు మాటలు దిద్ది 'ఫైనల్ రెండు' అనేదాన్ని. ఆ తరవాత 'నిజమైన ఫైనల్', ఆపైన 'ఇదే పంపాలి', చివరికి 'దేవుడా ఇదే'. ఒకసారి 'దేవుడా ఇదే' వుండగా 'నిజమైన ఫైనల్' పంపేశాను. అందులో కథానాయిక అన్నగారు ఇంకా చచ్చిపోలేదు. తరవాతి వారం ఆయన పదమూడో రోజు భోజనాలు అచ్చయ్యాయి. పాఠకురాళ్ళు నన్నేమీ అనలేదు గానీ, పాపం, ఒకావిడ మాత్రం "ఆయన ఎప్పుడు పోయారండీ, నేనొక వారం పత్రిక తెప్పించుకోలేదా?" అని ఎంతో మర్యాదగా రాసింది.

ఈ జబ్బుకి మందు వేసినవాడు మా మేనల్లుడు. మా అన్నయ్య కొడుకు. విజయవాడ నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో వుంటూ ఏదో కంప్యూటరు కోర్సు నేర్చుకుంటున్నాడు. ఆదివారం మధ్యాహ్నం మెట్రో ఎక్కి మా ఎల్‌బీ నగర్ వస్తాడు. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తరవాత మేమే. 2018 సెప్టెంబరులో ఈ దారిన మెట్రో వచ్చిన దగ్గర్నించీ ఆకలి వేసిన కుర్రాళ్ళకి మేనత్త ఇల్లు బాగా దగ్గరైపోయింది. గుత్తివంకాయ కూర తిని, పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని, త్రేన్చి, "అత్తా, నీ కంప్యూటర్లో ఏదైనా బాగుచెయ్యాలా?" అని అడుగుతాడు. అన్నానికి రుణం వుంచుకోని పిల్లాడు.

నా 'దేవుడా ఇదే' చూసి వాడు పడీపడీ నవ్వాడు. "అత్తా, నీకు ఆటోహాట్‌కీ పెడతాను" అన్నాడు. అదేదో చలికాలంలో వేణ్ణీళ్ళ పరికరం కాబోలు అనుకున్నాను. కాదట. మనం కంప్యూటరు ముందు కూర్చుని రోజూ చేతులతో చేసే పనిని ఒక్క మీటతో అదే చేసేటట్టు రాసుకునే చిన్న భాష. క్రిస్ మాలెట్ అనే ఆయన 2003లో మొదలుపెట్టాడట. అంతకుముందు ఆటోఇట్ అని ఇంకొకటి వుండేది. మీటలకి ఇలా పనులు అప్పగించే సదుపాయం అందులో పెట్టమని అడిగితే వాళ్ళు స్పందించలేదట. "సరే, అయితే నేనే చేసుకుంటాను" అని ఈయన సొంతంగా కూర్చున్నాడు. కాఫీ ఎవరూ ఇవ్వకపోతే లేచి మనమే కలుపుకోమూ, అలాగన్నమాట! దానికి కొత్త కాపు, రెండో వెర్షన్, 2022 డిసెంబరులో వచ్చింది. డబ్బు అక్కర్లేదు, ఊరికే ఇస్తారు.

నోట్‌ప్యాడ్‌లో ఏడెనిమిది లైన్లు రాశాడు వాడు. ఫైలు మీద రెండుసార్లు నొక్కేసరికి కింద కుడిమూల ఆకుపచ్చ గడిలో తెల్లటి 'హెచ్' అక్షరం ఒకటి వెలిసింది. "అది వున్నంతసేపూ నీ పనిమనిషి ఇంట్లో వున్నట్టే అత్తా. ఎఫ్ ఎనిమిది నొక్కితే నువ్వు రాసినదాని చివర తేదీ, పేరు వేస్తుంది. ఎఫ్ తొమ్మిది నొక్కితే ఆ ఫైలుకి ఒక నకలు తీసి, తేదీ టైముతో పేరుపెట్టి, వేరే అరలో దాస్తుంది" అన్నాడు.

"నేను రేపు నొక్కితే రేపటి తేదీ దానికెలా తెలుస్తుందిరా? నువ్వు ఇవాళ కదా రాశావు?" అన్నాను. ఎంతైనా నవలా రచయిత్రిని. కథలో కాలం తప్పితే ఊరుకోను (అన్నగారి సంగతి వదిలెయ్యండి).

అప్పుడు చెప్పాడు, వేరియబుల్స్ సంగతి. నేను నా భాషలోకి మార్చుకుని మీకు చెబుతాను.

వేరియబుల్ అంటే వంటింట్లో డబ్బా. ఖాళీ డబ్బా తీసుకుని, పైన 'కందిపప్పు' అని చీటీ అంటించి, లోపల కందిపప్పు పోస్తాం. తరవాత ఎవరిని పిలిచి "ఆ కందిపప్పు డబ్బా తీసుకురా" అన్నా అందులో వున్నది వస్తుంది. రేపు అందులో పెసరపప్పు పోస్తే పెసరపప్పు వస్తుంది. చీటీ పేరు మనిష్టం, పోసేది మనిష్టం.

అయితే ఈ భాషలో కొన్ని డబ్బాలు మనం కాపురానికి వచ్చేసరికే అరమీద పేర్లు రాసి, నింపి సిద్ధంగా వుంటాయి. వాటి పేర్లన్నీ 'ఏ' అక్షరంతో, పక్కన ఒక కింద గీతతో మొదలవుతాయి. ఏ_నౌ అన్న డబ్బా తెరిస్తే ఆ క్షణాన తేదీ, టైము వుంటాయి. ఏ_డెస్క్‌టాప్‌లో కంప్యూటరు ముందుగది చిరునామా వుంటుంది. ఏ_యూజర్‌నేమ్‌లో మనిషి పేరు వుంటుంది. ఇవి మనం నింపేవి కావు. కరెంటు మీటరు లాంటివి. ఎవరో బిగించి పోయారు. రోజూ దాని అంకెలు చూసుకోవచ్చు, అంతేగాని వేలుపెట్టి తిప్పడానికి లేదు. అరిచి గీపెట్టినా దాని లెక్క దానిదే.

ఏ_నౌ తెరిస్తే పద్నాలుగు అంకెలు వరసగా వస్తాయి. మొదట ఏడాది నాలుగు, తరవాత నెల రెండు, రోజు రెండు, గంట రెండు, నిమిషం రెండు, సెకను రెండు. 20240915183042 అంటే 2024 సెప్టెంబరు 15, సాయంకాలం ఆరున్నర దాటి నలభైరెండు సెకన్లు. "ఇదేం వరసరా, తలకిందులుగా? మనం రోజు ముందు చెప్పి ఏడాది చివర చెబుతాం కదా" అన్నాను. "అందుకే అత్తా మనవి కలిసిపోయేది. రోజు ముందుంటే అన్ని నెలల ఒకటో తారీకులూ ఒకచోట చేరతాయి. ఏడాది ముందుంటే ఫైళ్ళు పుట్టిన వరసలోనే నిలబడతాయి. అందరికంటే కిందవుందే, అదే ఆఖరిది. ఇక ఫైనల్ అని రాయక్కర్లేదు" అన్నాడు. పైగా విండోసులో ఫైలు పేర్ల మధ్య టైములో పెట్టే రెండు చుక్కలు పెట్టనివ్వరట. ఈ పద్నాలుగు అంకెల్లో చుక్కా లేదు, గీతా లేదు. నిక్షేపంలా పేరుగా పనికొస్తుంది.

నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు భలే హుషారొచ్చింది. మిగతా డబ్బాలు కూడా ఒక్కొక్కటే మూత తీసి చూపించమన్నాను. ఏ_టిక్‌కౌంట్ అని ఒకటి వుంది. కంప్యూటరు లేచి ఎంతసేపైందో సెకనులో వెయ్యో వంతుల్లో లెక్క చెబుతుంది. పొద్దున్న అయిదింటికి లేచిన దగ్గర్నించీ నాకు అలాంటి లెక్క ఇంట్లో ఒక్కరైనా వేశారా అనుకున్నాను. ఏ_ఇండెక్స్ అని ఇంకొకటి. ఒకే పనిని తిప్పి తిప్పి చేస్తుంటే అది ఎన్నోసారో చెబుతుంది. ఆ తిరుగుడులోంచి బయటపడితే సున్నా. ఇది మా అత్తగారి పారాయణంలో పూసల మాల లాంటిది.

అన్నిటికంటే నాకు ఒళ్ళుమండినది ఏ_టైమ్‌ఐడిల్. కీబోర్డునీ, మౌసునీ మనిషి ముట్టుకోకుండా ఎంతసేపైందో అది చూస్తుంటుంది. నేనొక వాక్యం కోసం కిటికీలోంచి మామిడిచెట్టు వంక చూస్తూ పది నిమిషాలు కూర్చుంటే, దాని లెక్కలో ఆరు లక్షలు! ఆరు లక్షల వెయ్యో వంతులు నేను 'ఖాళీ'గా వున్నానట. "ఒరే, నవల రాసేది ఆ పది నిమిషాల్లోనేరా. మిగతాది టైపు" అన్నాను. వాడు నవ్వి, "దానికేం తెలుసత్తా, మీటలు కదిలాయా లేదా అన్నదొక్కటే తెలుసు" అన్నాడు. అదీ నిజమే. "మీరు ఇంట్లో ఖాళీయేగా" అని నన్ను అడిగిన వాళ్ళకి మాత్రం ఇంతకంటే ఏం తెలుసు?

ఇలా ఒక ఏడాది హాయిగా సాగింది. భాగం రాయడం, ఎఫ్ ఎనిమిది, ఎఫ్ తొమ్మిది, పంపడం. ఎఫ్ ఎనిమిది నొక్కితే అడుగున తేదీ, పక్కన ఇంగ్లీషులో ఒక పేరు పడేది. నేను రోజూ చూస్తూనే వున్నాను. ఆ పేరు మావారిది.

"రోజూ చూస్తూ గుర్తుపట్టలేదా?" అంటారు కదూ! పట్టలేదు. అదే నేను చెప్పాలనుకున్న సంగతి. గ్యాసు పుస్తకం మీద ఆ పేరు. కరెంటు బిల్లు మీద ఆ పేరు. ఇంటి గేటు మీద రాతిపలకలో ఆ పేరు. నా పాసుపుస్తకంలో కూడా నా పేరు కింద ఆ పేరు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి కాగితం అడుగునా వున్న పేరు ఇక్కడా వుంటే, అది వుండవలసిన చోటే వున్నట్టనిపించింది. కన్ను దానిమీంచి జారిపోయింది. పత్రికలో నా పేరు వాళ్ళే పైన వేస్తారు కనక, అడుగున వున్నదాన్ని ఏదో ఫైలు గుర్తు కాబోలని తీసేసేవారు. ఎవరూ ఏమీ అనలేదు.

అన్నది మా అమ్మ.

మా నాన్నగారు పోయాక అమ్మ బందరు ఇల్లు అద్దెకిచ్చి మా దగ్గరికి వచ్చింది. ఒక ట్రంకుపెట్టె, ఒక ఇత్తడి గంగాళం, ఒక పాత పద్దుల పుస్తకం తెచ్చుకుంది. పద్దుల పుస్తకంలో మొదటి నలభై పేజీలూ బియ్యం, చింతపండు లెక్కలు. తరవాత కథలు! పదకొండు కథలు. 1974 నుంచి 1981 దాకా, నేను పుట్టడానికి ముందూ, పుట్టాకానూ, పిల్లల్ని పడుకోబెట్టి రాసినవి. అందులో రెండు మాత్రం ఆ రోజుల్లో అచ్చయ్యాయట. అవైనా 'శ్రీమతి' అని పెట్టి, పక్కన మా నాన్నగారి ఇంటిపేరూ, పొడి అక్షరాలూ, పేరూ. మిగతావి తిరుగు స్టాంపులతో తిరిగొచ్చాయి. తరవాత అమ్మ రాయడం మానేసింది. ఈ సంగతి నాకు నలభై దాటాక తెలిసింది. నవలలు రాసే కూతురికి తల్లి ఒక్కనాడైనా "నేనూ రాశానే" అని చెప్పలేదు.

అమ్మకి డెబ్భై అయిదు నిండే రోజుకి ఆ కథలు పుస్తకంలా చేసి ఇవ్వాలనుకున్నాను. ఆవిడకి తెలియకుండా, మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసేవేళ టైపు చేశాను. పదకొండు కథలు, రెండు నెలలు. కథ అయిపోగానే అలవాటు ప్రకారం వేలు ఎఫ్ ఎనిమిది మీదికి వెళ్ళింది. దిల్‌సుఖ్‌నగర్ సందులో డీటీపీ చేసే దుకాణంలో పది ప్రతులు తీయించి, స్పైరల్ బైండింగు చేయించి, పైన ఎర్రట్ట మీద 'అమ్మ కథలు' అని వేయించాను. ఎంత బాగుందో అని మురిసిపోయాను.

ఆరోజు మా చిన్నపిన్ని, అన్నయ్యవాళ్ళు, అత్తగారి వైపు నలుగురు, అందరూ వచ్చారు. పుస్తకం తలా ఒకటి పంచాను. మా పిన్ని తొందర మనిషి. కళ్ళజోడు పెట్టుకుని మొదటి కథ చివరిపేజీ తిప్పి, "ఓసి, అల్లుడుగారు కథలు కూడా రాస్తారటే! ఎప్పుడూ చెప్పలేదే!" అంది.

మావారి మొహం చూడాలి. చేతిలో గారె చేతిలోనే వుంది.

అమ్మ తన ప్రతి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క కథ అడుగున వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళింది. పదకొండూ చూసింది. చూసి, ఏమాత్రం కోపం లేకుండా అంది, "అమ్మాయ్, ఈ కథ నేను 76లో రాసినట్టు గుర్తు. మీ అన్నయ్యకి తట్టు పోసినప్పుడు. ఇక్కడ మొన్నటి తేదీ వుందేం? పేరూ నాది కాదు."

నాకు నోట మాట రాలేదు. "కంప్యూటరు వేసిందమ్మా" అన్నాను. చిన్నప్పుడు కుండ పగిలితే "పిల్లి తోసిందమ్మా" అన్నట్టే వుంది నా గొంతు.

"పోనీలే" అంది అమ్మ. "అప్పుడు మీ నాన్నగారి పేరుతో వచ్చాయి. ఇప్పుడు అల్లుడుగారి పేరుతో వచ్చాయి. మొగవాళ్ళ పేర్లు మారాయి, అంతేగా!"

అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. నేను గారెలు చూసే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రాత్రి అందరూ వెళ్ళాక మేనల్లుణ్ణి ఆపేశాను. "అసలు నా పేరు ఎందుకు వెయ్యలేదురా?" అని గట్టిగానే అడిగాను. వాడు పాపం బిక్కమొహం వేశాడు. "ఏ_యూజర్‌నేమ్ పెడితే ఏ కంప్యూటర్లో వేసినా ఆ కంప్యూటరు వాళ్ళ పేరే వస్తుంది అత్తా, మళ్ళీ రాయక్కర్లేదని పెట్టాను. ఈ ఖాతా మామయ్య పేరుతో తెరిచారని నాకేం తెలుసు?"

"అయితే ఇప్పుడు ఆ డబ్బాలో అమ్మ పేరు పొయ్యి" అన్నాను. వాడు నా ఎదురుగానే రాసి చూపించాడు. ఇది మార్చడానికి వీల్లేదు అనే అర్థం వచ్చేలా యంత్రం ఎర్రజెండా ఊపింది. ముందే నింపిన డబ్బాల్లో కొన్ని, నకలు తీసుకున్న మాటల్ని దాచే ఏ_క్లిప్‌బోర్డ్ లాంటివి, మనం మార్చుకోవచ్చు గానీ, ఇలాంటివి చదువుకోవడమే.

సరే, అసలు ఖాతా పేరే మారుద్దామని కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి మార్చాం. తెర మీద నిక్షేపంలా నా పేరు వచ్చింది. సంబరపడి ఎఫ్ ఎనిమిది నొక్కితే, మళ్ళీ మావారే! "పైన బోర్డు మారిందత్తా, లోపల రిజిస్టరులో పేరు మారలేదు. అదీ మార్చొచ్చు గానీ, మొదట్లో ఆ పేరుతో కట్టిన ఫోల్డరు పేరు మాత్రం అలాగే వుండిపోతుంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. డిగ్రీ కాగితాల మీద పుట్టింటి ఇంటిపేరు, ఆధార్ మీద అత్తింటి ఇంటిపేరు పెట్టుకుని ఒకచోట మారిస్తే ఇంకోచోట మారక ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతి ఆడదానికీ ఈ సంగతి కొత్తగా చెప్పాలా?

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే ఒకటి తోచింది. కంప్యూటరు అబద్ధం ఆడలేదు. ఏ_యూజర్‌నేమ్‌ని అడిగితే "ఈ ఖాతా ఎవరి పేరున తెరిచారు?" అన్నదానికి జవాబు చెప్పింది. ఏ_నౌని అడిగితే "ఇప్పుడు టైమెంత?" అన్నదానికి చెప్పింది. రెండూ నిజాలే. "ఈ కథ ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు?" అని దాన్ని నేను అడగలేదు. అడిగినా చెప్పలేదు. ఆ జవాబు ముందే నింపి పెట్టివుంచిన ఏ డబ్బాలోనూ వుండదు. తెలిసినవాళ్ళు చేత్తో పొయ్యాలి.

మరి నేను పోశానా? ఎర్రట్ట మీద ఏం వేయించాను? 'అమ్మ కథలు'! ఎవరి అమ్మ? ఆవిడకి పేరు లేదూ? అది ఏ యంత్రమూ వెయ్యలేదు. బి.ఏ. చదివిన కూతురు, పది నవలలు సొంతపేరుతో అచ్చేసుకున్న కూతురు, ఎంతో ప్రేమగా, చెయ్యారా వేయించింది. నాన్నగారి కాలంలో 'శ్రీమతి', నా కాలంలో 'అమ్మ'. మా ఎల్‌బీ నగర్ పిల్లల్ని అడిగి చూడండి, ఎల్‌బీ అంటే ఏమిటని. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరే రెండు పొడి అక్షరాలైపోతే ఇక మా అమ్మ ఎంత!

మర్నాడు వాడు హాస్టలుకి వెళ్ళేముందు స్క్రిప్టు పైన రెండు కొత్త లైన్లు రాయించాను. ఈ భాషలో డబ్బాల మీద చీటీ తెలుగులో కూడా రాసుకోవచ్చట! ఫైలుని యూటీఎఫ్-8 పద్ధతిలో దాచుకుంటే చాలు, అక్షరాలు చెదరవు. రచయిత్రి అని ఒక డబ్బా, రాసిన_ఏడు అని ఇంకొక డబ్బా. రెండు చుక్కలూ, సమానం గుర్తూ పెట్టి, మొదటిదాంట్లో మా అమ్మ పూర్తి పేరు పోశాను. రెండోదాంట్లో కథ కథకీ ఆవిడనే అడిగి ఏడాది పోశాను. "మొదటి వెర్షన్లో అయితే చీటీలో ఒక్క అక్షరం తప్పు రాసినా నోరెత్తకుండా ఖాళీ డబ్బా ఇచ్చేది అత్తా. ఇప్పటిది తప్పని గోలపెడుతుంది" అని హెచ్చరించాడు. గోలపెట్టేదే నయం. నోరెత్తకుండా ఖాళీ ఇచ్చేవి ఎంత నష్టం చేస్తాయో మా అమ్మని చూస్తే తెలుస్తోందిగా!

ఏ_నౌని మాత్రం పనిలోంచి తీసెయ్యలేదు. ఎఫ్ తొమ్మిదిలో నకళ్ళకి పేరుపెట్టే పనికి దాన్ని మించింది లేదు. ఎవరి పని వాళ్ళకి అప్పగించాను, అంతే.

ఏళ్ళు అడిగే వంకన అమ్మకీ నాకూ వారం రోజులు ఎన్ని కబుర్లో! "ఇది 78. కృష్ణాజిల్లాకి అంతకుముందు ఏడాదే, 77లో, ఉప్పెన వచ్చింది. దివిసీమనుంచి వచ్చిన మనిషి మన అరుగుమీద చెప్పిన మాటలు ఇవి." "ఇది 81. అందరూ తిప్పి పంపిస్తున్నారని, ఇక ఇదే ఆఖరిది అనుకుని రాశాను." ఏ_నౌకి ఇవేం తెలుసు?

అంతా అయ్యాక అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వే నొక్కు" అన్నాను. "నాకెందుకే, పాడవుతుందేమో" అంటూనే చీరకొంగుతో వేలు తుడుచుకుని ఎఫ్ ఎనిమిది నొక్కింది. కథ అడుగున 1976 అని, పక్కన తన పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా, తెలుగులో టక్కున పడింది. ఆ ఇంటిపేరే కావాలని ఆవిడే అడిగింది. "ఆ రోజుల్లో అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నా" అంది.

కాసేపు చూసి, "మళ్ళీ నొక్కితే మళ్ళీ వస్తుందా?" అంది.

"వస్తుందమ్మా."

నొక్కింది. వచ్చింది. మళ్ళీ నొక్కింది. అయిదుసార్లు నొక్కింది. ఒకదాని కింద ఒకటి అయిదు వరసలు. మావారు వెనకనించి చూసి, "అత్తయ్యగారూ, ఇప్పుడు సరిగా వుందండీ" అన్నారు. పది ప్రతులూ మళ్ళీ తీయించి తెచ్చింది కూడా ఆయనే. నీలం అట్ట. పైన అమ్మ పేరు పెద్ద అక్షరాల్లో. 'కథలు' అన్నమాట దాని కింద, చిన్నగా.

ఆ అయిదు వరసల ఫైలుని నేను చెరపలేదు. ఎఫ్ తొమ్మిది నొక్కి నకలు తీసి దాచాను. పద్నాలుగు అంకెల పేరుతో వుంది. ఆ అంకెలు చూస్తే అమ్మ తన పేరు తను రాసుకున్న రోజు, గంట, నిమిషం, సెకనుతో సహా తెలుస్తాయి.

మీ ఇంట్లో కూడా కంప్యూటరు వుంటే, ఒక్కసారి అది మిమ్మల్ని ఎవరనుకుంటోందో చూసుకోండి. ఊరికే, సరదాకే.